రామన్నపేట తాటిచెట్ల కింద ఒక పొద్దు

హైదరాబాద్‌లో అక్కడికక్కడే బీరు కాచి పోసే మైక్రోబ్రూవరీలు మొదలైనప్పటి నుంచి నాకు వాటి మీద పిచ్చి. ఎప్పుడూ దొరికే బీర్ల కంటే, ఒక్క ట్యాంకే కాచి అది అయిపోతే మళ్లీ దొరకదని చెప్పే లిమిటెడ్ ఎడిషన్ రకాలంటే మరీ ఇష్టం. ఎండాకాలంలో మామిడి వేసి చేసింది, ధనియాలు, నారింజ తొక్క వేసిన బెల్జియం గోధుమ బీరు, ఇలాంటివి. ఎక్కడో కొత్త బ్యాచ్ తెరిచారంటే ట్రాఫిక్‌లో గంటలు పోయినా సరే వెళ్తాను. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడిది రామన్నపేట దగ్గర పల్లె. ఇవన్నీ విని విని ఒకరోజు, "అన్నా, మా చిన్నాయన రోజూ చెట్టుకో బ్యాచ్ కల్లు దించుతడు, ఒకసారి రారాదే" అన్నాడు. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం ఇద్దరం బయల్దేరాం.

తెల్లవారకముందే ఎల్బీనగర్ దాటి, విజయవాడ హైవే మీద చౌటుప్పల్ మీదుగా చిట్యాల చేరి అక్కడ ఎడమకు తిరిగాం. హైవే సంగతి చెప్పడానికేం లేదు. ఆ తర్వాత మాత్రం పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద ఎటు చూసినా తాటిచెట్లే. కల్లు దించి పోసే చోటైన మండువకు మేం చేరేసరికి చిన్నాయన అప్పటికే చెట్టు మీదున్నాడు. నడుముకు పనిముట్లు పెట్టుకునే ముస్తాదు, చెట్టుకూ వీపుకూ చుట్టి మోకు అనే లావు తాడు, కాళ్లకు గుజి అనే తాటి బంధం, అంతే. మోకును ఒక జానెడు పైకి ఎగరేయడం, కాళ్లు దగ్గరికి లాక్కోవడం, మళ్లీ మోకు. కింద నిలబడి చూస్తుంటే నాకే అరికాళ్లు జివ్వుమన్నాయి.

దిగాక, పని అయిపోయిన పోతుగెల ఒకటి నా చేతిలో పెట్టి చూపించాడు. మగ చెట్టుకు పొడుచుకొచ్చే ఈ గెలల్ని ముందు కట్టలుగా కట్టి, కర్రలతో నొక్కి మెత్తబరచి, కొన్ని రోజుల పాటు చివర్లు చెక్కుతూ పోతే అప్పుడు నీరు కారడం మొదలవుతుంది. ఆ తర్వాత పొద్దునా మాపూ ఎక్కాల్సిందే, ఎక్కిన ప్రతిసారీ ఉల్లిపొరంత పల్చగా కొస తీయాల్సిందే. మందంగా తీస్తే గెల తొందరగా అయిపోతుంది, తీయకుండా వదిలేస్తే గాయం మూసుకుపోయి ధార ఆగిపోతుంది. ఆ గెల కొసను వేలితో తడిమి చూశాను, రంపంతో కోసినట్టు కాదు, అద్దంలా నున్నగా ఉంది. రోజూ చెట్టు ఎక్కి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో అంత నున్నగా కోయడం ఎంత పనితనమో అప్పుడు అర్థమైంది.

తాటాకు రేక మడిచి ఇచ్చి, లొట్టిలోంచి, అంటే కల్లు కుండలోంచి పోశాడు. మొదటి చెట్టు కల్లు తియ్యగా, పలచగా ఉంది, కాస్త కొబ్బరినీళ్ల వాసన, చివర్లో నాలుక మీద చిన్న చురుకు. రెండో చెట్టుది అదే గట్టు మీద నాలుగడుగుల దూరం, అదే పొద్దు దించింది, అయినా పులుపు ముందుకొచ్చింది, పండిన అరటిపండు లాంటి వాసన కూడా. "ఆ చెట్టు లొట్టి పాతది, దాని గుణమే గంత" అన్నాడు చిన్నాయన. ఆ మాట నాకు భలే నచ్చింది, ఎందుకంటే లోపల జరిగేది నిజంగా అదే. బ్రూవరీలో ట్యాంకులు, పైపులు కడిగి కడిగి, పులియబెట్టడానికి తాము ఎంచుకున్న ఈస్టు అనే సూక్ష్మజీవి తప్ప ఇంకేదీ చేరకుండా కాపలా కాస్తారు. ఇక్కడ ఈస్టు గాలిలోంచి, పురుగుల కాళ్లతో, లొట్టి గోడలకు అంటుకున్న పాత కల్లు నుంచి తనంతట తాను వస్తుంది. నీరు బొట్టు బొట్టుగా పడుతుండగానే పులియడం మొదలై, కొన్ని గంటల్లోనే ఆల్కహాల్ నాలుగు శాతం దాకా వెళ్తుంది, ఇంకా ఉంచితే వెనిగర్ అవుతుంది. అదే లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరా, అంటే పులియని తియ్యటి రసం దొరుకుతుంది. బీరు ఎంత గొప్పదైనా చల్లగా పెట్టి ఊరు దాటించొచ్చు, కానీ ఈ కల్లును చెట్టు కిందే తాగాలి, పొద్దున రుచి మధ్యాహ్నానికే ఉండదు.

బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు చేస్తారు, కాచిన ధాన్యపు నీళ్లను వెడల్పాటి తెరిచిన తొట్లలో రాత్రంతా వదిలేసి గాలిలోని ఈస్టునే పట్టుకుంటారు, అదీ చలికాలం నెలల్లోనే, తర్వాత కర్ర పీపాల్లో ఏళ్ల తరబడి మాగబెడతారు. 1516లో బవేరియాలో వచ్చిన బీరు చట్టంలో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు అని రాశారు గానీ ఈస్టు ఊసే లేదు. లాంబిక్ సీసా దొరికితే మేం అపురూపంగా పంచుకుని తాగుతాం. హైదరాబాద్‌కు రెండు గంటల దూరంలో, తాతల కాలం నుంచి అదే పద్ధతిలో చెట్టుకో రుచి దించుతుంటే మన బీరు ప్రియులు పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధనిపించింది.

అందుకు కల్తీ ఒక పెద్ద కారణం. అటు మహబూబ్‌నగర్ వైపు, ఇటు హైదరాబాద్ బస్తీల్లో, చెట్టుతో సంబంధం లేకుండా క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలిపి అమ్మిన కల్లు ఎంతమందిని నాశనం చేసిందో అందరికీ తెలుసు. దానికి అలవాటు పడ్డవాళ్లకు ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. ఆ మందు నీళ్లకీ, ఈ లొట్టిలో ఉన్నదానికీ ఒకే పేరు ఉండటం వల్ల నిజాయితీగా చెట్టెక్కేవాళ్లు కూడా మాట పడుతున్నారు.

మధ్యాహ్నం గుడాలు, నాటుకోడి కూర పెట్టారు. తింటూ చిన్నాయన బొమ్మగాని ధర్మభిక్షం గారి గురించి చెప్పాడు. సూర్యాపేట వైపు మనిషి, సాయుధ పోరాటంలో ఉన్నవాడు, గీత కార్మికులకు సంఘం కట్టినవాడు. 1996లో తాగునీళ్లలో ఫ్లోరైడ్ గోస దేశానికి తెలియాలని నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది నిలబడ్డారు కదా, ఆ ఎన్నికలో గెలిచింది ఆయనే. ఇక చెట్టు మీంచి పడి నడుములు విరిగినవాళ్ల పేర్లు చెబుతుంటే ముద్ద దిగలేదు. 2024 జూలైలో ప్రభుత్వం గీత కార్మికుల దైవం కాటమయ్య పేరు మీద సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి చెట్టెక్కే ప్రతి ఒక్కరికీ చేరాలని నా కోరిక. మేం రేకలో పోయించుకునే ప్రతి గుక్కకూ ఒకరు ప్రాణం పణంగా పెట్టి పైకి ఎక్కుతున్నారు, కాబట్టి అక్కడ బేరం ఆడొద్దు, అడిగినంత ఇవ్వండి.

వెళ్లాలనుకునేవాళ్లు తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని నేరుగా గీసేవాళ్ల దగ్గరికే వెళ్లండి, పొద్దున ఎనిమిదిలోపు చేరితే తియ్యదనం దొరుకుతుంది, బండి నడిపే మనిషి మాత్రం తాగకూడదు. మా కుర్రాడు ఆ రోజు రేక ముట్టలేదు. ఎండలు ముదిరితే ఆడ చెట్ల గెలల నుంచి కూడా కల్లు వస్తుందట, చిక్కగా, వేరే రుచిగా ఉంటుందట. మే నెలలో మళ్లీ వస్తామని చిన్నాయనకు చెప్పే వచ్చాం.