ర్యాంక్ లిస్టు వేసే ముందు రాత్రి డ్యూటీ సంగతి కనుక్కోండి

అమెరికా రెసిడెన్సీ (ఎంబీబీఎస్ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ) ఇంటర్వ్యూల హడావుడి జనవరితో సద్దుమణుగుతుంది. ఫిబ్రవరి చివరికో మార్చి మొదటి వారానికో సీట్లు కేటాయించే ఎన్‌ఆర్‌ఎంపీలో ర్యాంక్ లిస్టు, అంటే ప్రోగ్రాములను మీ ఇష్టం వరసలో పెట్టిన జాబితా, సర్టిఫై చెయ్యాలి. ఈ మధ్య వారాల్లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రశ్న ఒక్కటే: వీటిలో పెద్ద పేరున్నది ఏది? వీసా మీద వచ్చి ఇంటర్నల్ మెడిసిన్‌లో మూడేళ్ళు గడపబోయేవాళ్ళు అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఆ ప్రోగ్రామ్ ఇంటర్న్‌ల (మొదటి ఏడాది రెసిడెంట్ల) సమయాన్ని దేనికి వాడుకుంటోంది? రాత్రి రెండింటికి పేషెంటు దిగజారితే పక్కన ఎవరుంటారు? మీ వీసా మీద అక్కడ చేరినవాళ్ళు తర్వాత ఎక్కడ తేలారు?

లిస్టు లెక్క గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏటా దీంట్లోనే కొందరు తెలివికి పోయి దెబ్బతింటారు. ఇప్పుడున్న పద్ధతి 1998 నుంచి నడుస్తోంది. దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరైన ఆల్విన్ రోత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కంప్యూటరు మీ లిస్టును పైనుంచి చదువుతుంది. మొదటి ప్రోగ్రామ్‌లో ఖాళీ ఉంటే అక్కడ తాత్కాలికంగా సీటిస్తుంది. ఆ ప్రోగ్రామ్ మీకంటే పైన పెట్టుకున్నవాళ్ళు వచ్చి సీట్లు నిండితే, మిమ్మల్ని లేపి రెండోదానికి పంపుతుంది. మొదటిది పోయినందువల్ల రెండోచోట మీ అవకాశం వీసమెత్తు కూడా తగ్గదు. అందుకని "పెద్దది ఎలాగూ రాదు, వచ్చేదాన్నే పైన పెడదాం" అన్న లెక్క శుద్ధ దండగ. మీకు నిజంగా ఏది కావాలో ఆ వరసలోనే పెట్టండి. ఇంటర్వ్యూ అయ్యాక "మీరు మాకు ఎంతో నచ్చారు" అని వచ్చే ఈమెయిళ్ళను చూసి వరస మార్చకండి, అలాంటివి చాలామందికి వెళ్తాయి. మ్యాచ్ అయ్యాక, అంటే సీటు ఖాయమయ్యాక, అది ఒప్పందంతో సమానం, ఎన్‌ఆర్‌ఎంపీ మినహాయింపు ఇస్తే తప్ప బయటపడలేరు. అయినా వీసా కావాల్సినవాళ్ళు ఇంటర్వ్యూ వచ్చిన ప్రోగ్రామ్‌ను లిస్టులోంచి తీసెయ్యడానికి గట్టి కారణమే ఉండాలి. ఊరు చిన్నది, చలి ఎక్కువ లాంటివి ఆ కోవలోకి రావు.

వీసా విషయంలో "స్పాన్సర్ చేస్తాం" అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసాకు స్పాన్సర్ ఆసుపత్రి కాదు, విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హత చూసే ఈసీఎఫ్ఎంజీ. ఆ వీసాకు ఆధారమైన డీఎస్-2019 పత్రం ఏటా పునరుద్ధరించుకోవాలి, మొత్తం శిక్షణకు గరిష్ఠంగా ఏడేళ్ళు. మూన్‌లైటింగ్‌కు, అంటే ఖాళీ రోజుల్లో అదనపు షిఫ్టులు చేసి సంపాదించడానికి, అనుమతి లేదు. శిక్షణ ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, లేదా ఆ షరతు నుంచి మినహాయింపు (వేవర్) తెచ్చుకోవాలి. వేవర్‌కు ఎక్కువమంది నడిచే దారి కాన్‌రాడ్ 30. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 సీట్లు, డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్ళ ఉద్యోగం. హెచ్-1బీలో ఈ రెండేళ్ళ బెడద లేదు. కానీ పిటిషన్ వెయ్యాలంటే అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 అప్పటికే పాసై ఉండాలి, గడువు ఆరేళ్ళే. మెడిసిన్ మూడేళ్ళు, కార్డియాలజీ మూడేళ్ళు అయ్యేసరికి ఆ ఆరూ అయిపోతాయి. ఈలోగా గ్రీన్‌కార్డు ప్రక్రియ ఎవరూ మొదలుపెట్టకపోతే ఉద్యోగం దగ్గర ఇరుక్కుంటారు. దానికి తోడు 2025 సెప్టెంబరు ప్రకటనతో, అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది. కాబట్టి వెబ్‌సైటులో "హెచ్-1బీ ఇస్తాం" అన్న పాత వాక్యాన్ని పట్టుకుని లిస్టు వెయ్యకండి. ఈ ఏడాది మాటేమిటో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. పెళ్ళైనవాళ్ళకు ఇంకో లెక్కుంది. జే-2 (జే-1 వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చిన భార్యో భర్తో వర్క్ పర్మిట్ తీసుకుని ఉద్యోగం చెయ్యొచ్చు. హెచ్-1బీ వాళ్ళ కుటుంబ వీసా హెచ్-4 మీదైతే మామూలుగా గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదమయ్యేదాకా ఆగాలి. ఒక్క జీతంతో మూడేళ్ళు నెట్టుకురావడం కొన్ని నగరాల్లో చిన్న విషయం కాదు.

ఇక శిక్షణ వాతావరణం. రెసిడెన్సీ ప్రోగ్రాములకు గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ నియమాలు అందరికీ ఒకటే: నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు, ఏడింట ఒకరోజు సెలవు, ఏకబిగిన 24 గంటలు, ఆపైన పేషెంట్లను అప్పగించడానికి మహా అయితే నాలుగు. మెడిసిన్‌లో ఇంటర్న్ రోజూ చూసుకునే బాధ్యతలో పదిమందికి మించి పేషెంట్లు ఉండకూడదు. కాగితం మీద అన్ని ప్రోగ్రాములూ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఇంటర్వ్యూలో డైరెక్టరును గంటల గురించి అడగడం వృథా. తేడా అంతా ఆ గంటల్లో ఏం జరుగుతుందన్న దగ్గరే ఉంది.

ఒక రాత్రి తీసుకోండి. నైట్ ఫ్లోట్‌లో, అంటే రాత్రి డ్యూటీలో, ఉన్న ఇంటర్న్ చేతిలో నాలుగు పగటి టీములు అప్పగించి వెళ్ళిన సైన్ అవుట్ కాగితాలు, కలిపి నలభై మంది పేషెంట్లు. ఎవరినీ పగలు చూసింది లేదు. రెండింటికి నర్సు పేజ్ చేస్తుంది: న్యుమోనియాతో ఉన్నాయనకు సాయంత్రం రెండు లీటర్ల ఆక్సిజన్ సరిపోయింది, ఇప్పుడు ఆరు లీటర్లు పెట్టినా సాచురేషన్ 88 దాటడం లేదు. మంచి చోట సీనియర్ రెసిడెంట్ అదే ఫ్లోరులో ఉంటుంది, రెండు నిమిషాల్లో మంచం దగ్గరికి వస్తుంది, నాక్టర్నిస్ట్ అటెండింగ్ (రాత్రి డ్యూటీ చేసే పెద్ద డాక్టరు) కూడా ఆసుపత్రిలోనే ఉంటాడు. సైన్ అవుట్ కాగితంలో "శ్వాస ఇబ్బంది పెరిగితే ముందు ఎక్స్‌రే, ఫ్లూయిడ్స్ ఆపి చూడండి, గుండె పంపింగ్ 25 శాతం" అని రాసి ఉంటుంది. ఇంకోచోట ఆ కాగితంలో పేరు, వయసు, "స్టేబుల్" అన్న ముక్క తప్ప ఏమీ ఉండదు. సీనియర్ ఎమర్జెన్సీలో కొత్త అడ్మిషన్లలో మునిగి ఉంటాడు, అటెండింగ్ ఇంట్లో నిద్రపోతుంటాడు, ఆయన్ను లేపితే మర్నాడు మాట పడాల్సి వస్తుందని అందరికీ తెలుసు. రెండు చోట్లా వారానికి 80 గంటలే. నేర్చుకునేది మాత్రం వేరు, పేషెంటుకు జరిగేదీ వేరే.

ఇది బయటపడేది ఫ్యాకల్టీ లేకుండా రెసిడెంట్లతో జరిగే జూమ్ మీటింగులో. "ఇక్కడ బావుందా?" అంటే బావుందనే అంటారు, వాళ్ళకూ మొహమాటం ఉంటుంది. చిన్న ప్రశ్నలే పనిచేస్తాయి. రాత్రి ఒక ఇంటర్న్ ఎంతమందిని కవర్ చేస్తారు? అటెండింగ్‌ను చివరిసారి రాత్రిపూట ఎప్పుడు లేపారు, ఏమన్నారు? రక్తం తీసేది ఎవరు, సీటీకి పేషెంటును తోసుకెళ్ళేది ఎవరు, నర్సింగ్ హోములో బెడ్ కోసం ఫోన్లు చేసేది ఎవరు? మధ్యాహ్నం కాన్ఫరెన్సులో ఉన్నప్పుడు పేజర్ ఎవరి దగ్గరుంటుంది? ఒకరికి జ్వరమొస్తే వాళ్ళ షిఫ్టు ఎవరు చేస్తారు, జియోపార్డీకి (రాలేనివాళ్ళ బదులు హఠాత్తుగా చేసే డ్యూటీకి) పిలిస్తే బదులు సెలవిస్తారా? పని గంటలు 80 దాటినప్పుడు ఉన్నది ఉన్నట్టే లాగ్ చేస్తారా? ఈ చివరి ప్రశ్నకు ఎవరైనా నవ్వి పక్కకు చూస్తే, అదే జవాబు. ప్రోగ్రామ్ మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారా అనీ అడగండి. ఒకరిద్దరు స్పెషాలిటీ మారడం మామూలే, ఒకే బ్యాచ్‌లో ముగ్గురు మాయమైతే కారణం తెలుసుకోవాలి.

షెడ్యూలు చూసేటప్పుడు 4+1 ఉందా లేదా గమనించండి. నాలుగు వారాలు వార్డులు, తర్వాత ఒక వారం పూర్తిగా క్లినిక్. పాత పద్ధతిలో వార్డు డ్యూటీ మధ్యలో క్లినిక్‌కు పరుగెత్తాలి, రెండు చోట్లా పని సగంసగం అవుతుంది. ఐసీయూలో ఫెలోలు (రెసిడెన్సీ తర్వాత సూపర్ స్పెషాలిటీ చేసేవాళ్ళు) ఉన్న యూనివర్సిటీ ఆసుపత్రుల్లో సెంట్రల్ లైన్లు (పెద్ద సిరలో గొట్టం పెట్టడం), ఇంట్యుబేషన్లు (శ్వాసనాళంలో గొట్టం వెయ్యడం) చాలావరకు వాళ్ళకే పోతాయి. ఫెలోలు లేని కమ్యూనిటీ ఆసుపత్రిలో అవి మీ చేతికొస్తాయి, కానీ రీసెర్చ్ నేర్పేవాళ్ళు తక్కువ. హాస్పిటలిస్టుగా (ఆసుపత్రిలో చేరిన పేషెంట్లను చూసే డాక్టరుగా) స్థిరపడాలనుకునేవాళ్ళకు, మంచి పర్యవేక్షణ ఉన్న కమ్యూనిటీ ప్రోగ్రామ్ పేరుమోసిన చోటు కంటే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం. కార్డియాలజీ, గ్యాస్ట్రో కావాలంటే లెక్క మారుతుంది. అదే ఆసుపత్రిలో ఆ ఫెలోషిప్ ఉండటం, వాళ్ళు సొంత రెసిడెంట్లను తీసుకోవడం పెద్ద బలం. వాళ్ళ రెసిడెంట్లకు వచ్చిన ఫెలోషిప్‌ల జాబితా అడిగినప్పుడు అందులో వీసా మీద ఉన్నవాళ్ళు ఎందరో విడిగా అడగండి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళ దారి మీ దారి కాదు.

ఏసీజీఎంఈ వెబ్‌సైటులో ప్రతి ప్రోగ్రామ్ అక్రెడిటేషన్ స్థితి ఎవరైనా చూడొచ్చు. "విత్ వార్నింగ్", "ప్రొబేషన్" కనిపిస్తే కారణం అడగాల్సిందే. "ఇనిషియల్" అంటే కొత్త ప్రోగ్రామ్ అని అర్థం, తప్పేం కాదు, అయితే సీనియర్లు లేని మొదటి బ్యాచ్ అన్నీ తనే కనుక్కోవాలి. ఇంటర్నల్ మెడిసిన్‌కు ఏబీఐఎం పెట్టే బోర్డు పరీక్ష ఉత్తీర్ణత శాతాలు మూడేళ్ళవి కలిపి దొరుకుతాయి. ఏడాదికి ఎనిమిది మందున్న చోట ఒక్కరు తప్పితే ఆ ఏటి శాతం పన్నెండున్నర పడిపోతుందని గుర్తుంచుకుని చదవండి. ఆసుపత్రి ఆర్థిక స్థితి కూడా వార్తల్లో వెతకండి. 2019లో ఫిలడెల్ఫియాలోని హానిమన్ ఆసుపత్రి మూతపడి అయిదు వందల మందికి పైగా రెసిడెంట్లు, ఫెలోలు వేరే చోట్లు వెతుక్కున్నారు, వీసా మీద ఉన్నవాళ్ళకు అది రెండింతల గండం.

లిస్టు గడువుకు ముందే కాంట్రాక్టు నమూనా చూపించాల్సిన బాధ్యత ప్రోగ్రామ్‌ది. అందులో సెలవుల పేజీ చదవండి. ప్రసవానికి, జబ్బుకు, ఇంట్లోవాళ్ళను చూసుకోవడానికి శిక్షణ కాలంలో కనీసం ఒకసారి ఆరు వారాలు పూర్తి జీతంతో ఇవ్వాలని ఏసీజీఎంఈ నియమం. అది కాంట్రాక్టులో స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. ఓరియంటేషన్ జూన్ చివర్లో, పని మామూలుగా జులై 1న మొదలవుతుంది. ఓరియంటేషన్ రోజులకు డబ్బిస్తారా, మొదటి జీతం ఏ తేదీన పడుతుందో కూడా రాయించుకోండి. అపార్ట్‌మెంట్ డిపాజిట్, మొదటి నెల అద్దె అంతకుముందే కట్టాలి.