పాత కంప్యూటర్లు విప్పిన చేతులతో ఏ ప్లస్ ప్రిపరేషన్

కాంప్‌టియా సంస్థ ఇచ్చే కంప్యూటర్ రిపేరు, సపోర్టు సర్టిఫికెట్ ఏ ప్లస్. దాని రెండు పేపర్లూ పాసయ్యాక నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే: "పాత కంప్యూటర్లు విప్పి బిగించిన అనుభవం ఉంది కదా, పెద్దగా చదవకుండా రాసేయొచ్చా?" రాయలేరు. అలాగని ఆ అనుభవం వృథా కూడా పోదు. అది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ అడ్డొచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ఫ్లాపీ డ్రైవ్ గరగరమనే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉన్నవాళ్లకు ఇది కాస్త ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందు పరీక్ష సంగతి. ఇప్పటి సిరీస్‌లో కోర్ 1 కోడ్ 220-1201, కోర్ 2 కోడ్ 220-1202. ఒక్కో పేపర్‌కు 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. స్కోరు 100 నుంచి 900 మధ్య ఇస్తారు. కోర్ 1లో 675, కోర్ 2లో 700 వస్తే పాస్. కోర్ 1లో హార్డ్‌వేర్‌కు 25 శాతం, హార్డ్‌వేర్, నెట్‌వర్క్ ట్రబుల్‌షూటింగ్‌కు 28 శాతం వెయిటేజీ ఉంది. సగం పేపర్ మనకు ఇష్టమైన ఏరియాలోంచే వస్తుందన్నమాట. ఆ ధీమాతో నెట్‌వర్కింగ్ 23 శాతాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఏ ప్లస్ 1993లో మొదలైంది. ఆ కాలంలో ఐఆర్‌క్యూ నంబర్లు (ఒక్కో పరికరం ప్రాసెసర్‌ని పిలవడానికి వాడే నంబర్లు) బట్టీ పట్టడం ఒక పెద్ద పని: సీరియల్ పోర్టుల్లో కామ్ 1కి 4, కామ్ 2కి 3, ప్రింటర్ పోర్టుకి 7, ఫ్లాపీకి 6. రెండు కార్డులు ఒకే నంబర్ కోసం కొట్టుకుంటే రెండూ పనిచేసేవి కావు. నంబర్లను కంప్యూటరే పంచిపెట్టే ప్లగ్ అండ్ ప్లే వచ్చాక ఆ తలనొప్పి తగ్గింది. ఆ నంబర్లు నన్ను ఇప్పుడు నిద్రలేపి అడిగినా చెబుతాను కానీ వాటివల్ల ఒక్క మార్కూ రాలేదు. ఇప్పుడు బట్టీ పట్టాల్సింది నెట్‌వర్క్ పోర్టులు, అంటే ఒక్కో నెట్‌వర్క్ సేవకు కేటాయించిన నంబర్లు: ఎస్‌ఎస్‌హెచ్ 22, డీఎన్‌ఎస్ 53, డీహెచ్‌సీపీ 67, 68, ఎస్‌ఎంబీ 445, ఆర్‌డీపీ 3389. వీటికి దగ్గరదారి లేదు, రోజూ కాగితం మీద రాసుకోవాల్సిందే.

పాత సామాను నిజంగా ఆదుకున్నది "ఎందుకు" అనే ప్రశ్న దగ్గర. పాత హార్డ్ డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే వెడల్పాటి ఐడీఈ రిబ్బన్ కేబుల్ గుర్తుందా? కనెక్టర్‌కు 40 పిన్నులే, కానీ తర్వాత వచ్చిన కేబుళ్లలో 80 తీగలుండేవి. ఆ అదనపు 40 తీగల్లో డేటా ఏమీ వెళ్లదు. అవన్నీ గ్రౌండ్ తీగలు, పక్కపక్క తీగల సిగ్నళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూడటమే వాటి పని. అంత చేసినా ఆ పద్ధతి సెకనుకు 133 మెగాబైట్ల దగ్గర ఆగిపోయింది. పదహారు బిట్లు పదహారు తీగల్లో ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరాలి, వేగం పెంచేకొద్దీ అది కష్టమైపోతుంది. అందుకే దాని స్థానంలో సాటా అనే కొత్త కనెక్షన్ వచ్చింది: డేటా కనెక్టర్‌లో ఏడే పిన్నులు, బిట్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. ఇప్పుడు సెకనుకు 6 గిగాబిట్లు. గ్రాఫిక్స్ లాంటి కార్డులు పెట్టే స్లాట్లు పీసీఐ నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు మారడంలోనూ ఇదే కథ. ఇది అర్థమైనవాళ్లకు ఎక్స్1, ఎక్స్4, ఎక్స్16 లేన్లు (స్లాటులో ఎన్ని డేటా దారులున్నాయన్నది) విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. ఎం.2 ప్రశ్నలూ సులువవుతాయి. ఎం.2 అనేది ఎస్‌ఎస్‌డీ లాంటివి పెట్టే స్లాటు ఆకారం మాత్రమే, లోపల నడిచేది సాటా కావచ్చు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే ఎన్‌వీఎంఈ కావచ్చు. ఈ తేడా పట్టుకోలేక తడబడేవాళ్లు చాలామంది.

ర్యామ్ కూడా అంతే. పాత తరం ఎస్‌డీర్యామ్‌కు 168 పిన్నులు, తర్వాతి తరాల్లో డీడీఆర్‌కు 184, డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240, డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288. పిన్నుల సంఖ్య ఒకటే అయినా గాడి చోటు మారుతుంది కాబట్టి ఒకదాని స్లాటులో ఇంకోటి దిగదు. దగ్గర పాత మాడ్యూళ్లు ఉంటే వరసగా పేర్చి చూడండి, ఇక మర్చిపోరు. పాత ఏటీ పవర్ సప్లైలో పీ8, పీ9 అని రెండు ప్లగ్గులుండేవి. వాటి నల్ల తీగలు మధ్యలో పక్కపక్కనే ఉండేలా పెట్టాలి, తారుమారైతే మదర్‌బోర్డు పోయినట్టే. తర్వాతి రకం ఏటీఎక్స్ వచ్చాక అది ఒకే కనెక్టర్ అయింది, తప్పుగా పెడదామన్నా పట్టదు. ప్రాక్టీస్ కోసం పాత మెషీన్ తెరిచేవాళ్లకు ఒక మాట: పవర్ సప్లైని, సీఆర్‌టీ (పాతకాలపు గాజు ట్యూబు) మానిటర్‌ని మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపల చార్జ్ నిలిచి ఉంటుంది. ఇది సేఫ్టీ ప్రశ్నలకూ పనికొస్తుంది.

ఇక అనుభవం అడ్డొచ్చే చోటు ట్రబుల్‌షూటింగ్. వినడానికి వింతగా ఉంటుంది. "కంప్యూటర్ ఆన్ అవుతోంది, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు, టెక్నీషియన్ ముందుగా ఏం చేయాలి?" అని అడిగితే మన చెయ్యి నేరుగా ర్యామ్ మీదకు పోతుంది. తీసి, తుడిచి, మళ్లీ పెట్టడం అలవాటు కదా. పరీక్ష మాత్రం ఒక క్రమం ప్రకారం నడుస్తుంది: సమస్యను గుర్తించు, కారణం ఊహించు, ఆ ఊహను పరీక్షించు, ప్లాన్ వేసి అమలు చెయ్యి, మొత్తం పనిచేస్తోందో లేదో చూసి మళ్లీ రాకుండా జాగ్రత్త తీసుకో, చివర్లో రాసిపెట్టు. యూజర్‌ని అడగడం, ఈ మధ్య ఏం మారిందో తెలుసుకోవడం మొదటి మెట్టులోకి వస్తాయి. ఆప్షన్లలో నాలుగూ సరైన పనుల్లాగే కనిపిస్తాయి, అడిగేది వాటి వరస. ప్రశ్నలో యూజర్‌తో మాట్లాడటం అయిపోయిందా, ఊహ నిరూపణ అయిందా అన్నది ముందు చూసుకోండి, అప్పుడు జవాబు దానంతటదే తేలుతుంది. నేను ప్రాక్టీస్ టెస్టుల్లో ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ మెట్టు మీద ఉందో రాసుకునేదాన్ని. నాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చిన అలవాటు ఇదే.

ప్రింటర్లను వదిలేయకండి. లేజర్ ప్రింటర్ ఏడు దశలు వరసలో రావాలి: ప్రాసెసింగ్, చార్జింగ్, ఎక్స్‌పోజింగ్, డెవలపింగ్, ట్రాన్స్‌ఫరింగ్, ఫ్యూజింగ్, క్లీనింగ్. ప్రింటైన కాగితం ముట్టుకున్నప్పుడు టోనర్ పొడి చేతికి అంటుకుంటే, దాన్ని వేడితో కాగితానికి అతికించే ఫ్యూజర్ గుర్తుకు రావాలి. డాట్ మ్యాట్రిక్స్ చూసినవాళ్లకు రిబ్బన్ మీద కొట్టి అచ్చు వేసే ఇంపాక్ట్ ప్రింటర్ల భాగం ఉచితంగా వచ్చినట్టే, కార్బన్ కాపీలు కావాలంటే ఇప్పటికీ అదే దిక్కు.

కోర్ 2లో జ్ఞాపకాలు పెద్దగా పనిచేయవు. ఆపరేటింగ్ సిస్టమ్స్ 28 శాతం, సెక్యూరిటీ 28 శాతం. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌లో) విండోస్ పెట్టుకుని ఎస్‌ఎఫ్‌సీ, చెక్‌డిస్క్, డిస్క్ మేనేజ్‌మెంట్, గ్రూప్ పాలసీ లాంటి దాని టూల్స్‌ని మీ చేత్తో నడపండి. విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకే చోటినుంచి నడిపే నెట్‌వర్క్‌లో) చేరదు, దానికి బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్ట్ కాలేం. ఇలాంటి తేడాలు చిన్నవిగా కనిపించినా అడుగుతారు. పాత బయోస్ రోజులు ఆదుకునేది ఒక్క చోటే: డిస్క్ భాగాల వివరాలు రాసిపెట్టే పాత పద్ధతి ఎంబీఆర్‌లో సెక్టార్ నంబర్‌కు 32 బిట్లే ఉంటాయి, సెక్టార్ 512 బైట్లు, అందుకే 2 టెరాబైట్ల హద్దు. దాని తర్వాతి పద్ధతి జీపీటీ ఎందుకొచ్చిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

పరీక్షలో పెర్ఫార్మెన్స్ ప్రశ్నలు (ఆప్షన్ ఎంచుకోవడం కాకుండా పని చేసి చూపించాల్సినవి) సాధారణంగా మొదట్లోనే వస్తాయి. చూడగానే టెన్షన్ పడకుండా ఫ్లాగ్ చేసి ముందుకెళ్లండి, మల్టిపుల్ చాయిస్ అయ్యాక వెనక్కి రండి. డంప్స్ (బయటికి లీకైన అసలు ప్రశ్నలు) జోలికి మాత్రం పోవద్దు. అది అభ్యర్థి ఒప్పందానికి విరుద్ధం, దొరికితే సర్టిఫికెట్ పోతుంది. ఒక సిరీస్‌లో కోర్ 1, ఇంకో సిరీస్‌లో కోర్ 2 రాస్తే కలపరు కాబట్టి, సిరీస్ మారే సమయంలో రాసేవాళ్లు రెండూ పాత సిరీస్ ముగిసేలోపు పూర్తి చేయగలరో లేదో ముందే లెక్క వేసుకోండి.

2011కి ముందు పాసైనవాళ్ల సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. మనకు మూడేళ్లే. రెన్యువల్‌కు 20 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్లు (శిక్షణ లాంటివాటికి వచ్చే పాయింట్లు) పోగు చేయాలి, లేదా ఈలోగా నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ లాంటి పై స్థాయిది పాసైతే ఏ ప్లస్ కూడా రెన్యూ అవుతుంది. నేను రెండో దారి పట్టాను, ఇప్పుడు సబ్‌నెట్టింగ్‌తో (నెట్‌వర్క్‌ని చిన్న భాగాలుగా విడగొట్టే లెక్కలతో) కుస్తీ పడుతున్నాను.