అత్తయ్యగారి ఇత్తడి సోల

మా అమ్మాయికి 20 నెలలు నిండేసరికి ఇంట్లో రెండు బుట్టల బొమ్మలు పోగయ్యాయి. అయినా దాని ధ్యాసంతా వంటింటి కింది అరలోని బియ్యం డబ్బా మీదే ఉండేది. మూత తీసిన చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నా వచ్చి మోచేతుల దాకా చేతులు ముంచేసేది. నాలుగైదుసార్లు కసిరి పక్కకు లాగేశాక, ఆ పనినే పద్ధతిగా చేయనిస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. పిల్లలు తాకి, ఒంపి, వాసన చూసి, చప్పుడు విని ఆడుకునే ఇలాంటి ఆటలనే ఇప్పుడు సెన్సరీ ప్లే అంటున్నారు. వాటికోసం అమ్మే కిట్లను చూశాను కానీ, డబ్బు పెట్టి కొనాల్సినవేవీ వాటిలో నాకు కనిపించలేదు.

హాలులో పాత దుప్పటి పరిచి, వెడల్పాటి పళ్లెంలో కిలో బియ్యం పోసి, ఒక గరిటె, రెండు స్టీలు గిన్నెలు ఇచ్చాను. మొదటి అభ్యంతరం అత్తయ్యగారిది. బియ్యం కాళ్ల కింద పడితే లక్ష్మీదేవిని తొక్కినట్లేనని ఆవిడ నమ్మకం. అది కొట్టిపారేయదగిన మాట కాదని నాకూ అనిపించింది. చివరకు బియ్యానికి బదులు నూకలు వాడాలని, ఆట కాగానే దుప్పటి మూలలు పట్టి ఎత్తి డబ్బాలోకి ఒంపాలని, పాతబడ్డాక పిట్టలకు వేయాలని ఒప్పందానికి వచ్చాం. మరునాడు ఆవిడే అటక మీద నుంచి తన పెళ్లినాటి ఇత్తడి కొలపాత్రలైన సోల, గిద్ద దింపించి, చింతపండుతో తోమి ఇచ్చారు.

నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుంది. మా అమ్మాయికి ఆ లెక్క తెలియదు. కానీ ఖాళీ సోలలో మొదటి గిద్ద గలగలమంటుందని, నాలుగోది పడేసరికి ఆ చప్పుడు మెత్తబడిపోతుందని రెండు రోజుల్లోనే పట్టేసింది. నూకలు అంచు దాకా వచ్చాయంటే చేయి నెమ్మదించేది, నాలుక కొంచెం బయటికి వచ్చేది. మాంటిస్సోరి బడులలో ఇలా గింజలను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయించడం తొలి అభ్యాసాలలో ఒకటి. 1939లో మద్రాసుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో, పనిలో మునిగిన బిడ్డను మధ్యలో కదిలించకూడదన్నది ముఖ్యమైన నియమం. నాకు కష్టమనిపించినది అదే. “అలా కాదమ్మా, ఇలా పొయ్యి” అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగేది.

ఒకసారి నూకలు అయిపోయాయని పచ్చిశనగపప్పు పోశాను. ఫోను మోగితే అటు తిరిగిన అర నిమిషంలో ఒక బద్ద దాని ముక్కులోకి వెళ్లిపోయింది. డాక్టరుగారు సన్నని కొక్కెంతో క్షణాల్లో తీసేశారు కానీ, పప్పుబద్ద తడికి ఉబ్బుతుందని, ఇంట్లో పుల్లతో కెలికితే ఇంకా లోపలికి పోతుందని, గాలిగొట్టంలోకి జారితే ప్రాణం మీదికి వస్తుందని విని నా కాళ్లు వణికాయి. మూడేళ్లు నిండేవరకు శనగలు, పల్లీలు, పూసలు, గుండీలు ఆటలోకి రానివ్వకూడదు. నూకలతోనైనా పక్కన కూర్చునే ఆడించాలి. నీళ్ల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. నాలుగు వేళ్ల లోతు నీరున్న బకెట్టు దగ్గర కూడా పసిబిడ్డను ఒంటరిగా వదలకూడదు.

చపాతీ పిండిముద్ద సులువైన ఆటే. ఉప్పు బాగా వేస్తే నిలవ ఉంటుందంటారు గానీ, అన్నీ నోట్లో పెట్టుకునే వయసులో నేను వేయను. మా అమ్మాయి మొదట ఆ జిగురును ముట్టుకోనే లేదు. బలవంతం చేయకుండా చెంచా ఇస్తే, వారం రోజులు చెంచాతోనే పొడిచి, ఆ తరువాత ఒక వేలు పెట్టింది. గిన్నెడు నీళ్లలో బంతిరేకులు వేసి గడ్డకట్టించి ఇస్తే ఎండాకాలం మధ్యాహ్నం గంటసేపు గడిచిపోతుంది. రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్‌లో ఒక కప్పు నీళ్లు కలిపితే గుద్దినప్పుడు రాయిలా, వదిలినప్పుడు పాలలా ఉండే ముద్ద తయారవుతుంది. దానితో మా అమ్మాయికన్నా వాళ్ల నాన్నే ఎక్కువసేపు ఆడారు.

నిన్న సాయంత్రం అత్తయ్యగారు మినుములు చెరుగుతుంటే, అది నిండు సోలను రెండు చేతులతో పట్టుకుని, సగం దారిలోనే ఒలకబోసుకుంటూ వెళ్లి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ చేట పక్కన పెట్టి, సోలను దుప్పటి మీద బోర్లించి, ఖాళీది తిరిగి దాని చేతికిచ్చారు.