కంచికి చేరని కథలు

తిరుపతిలో ఏ బస్సు డిపోకైనా వెళ్లి "అన్నా, నీ ఉద్యోగంలో జరిగిన కథ ఒకటి చెప్పు" అని అడగండి. అనుమానంగా చూస్తారు. "కతలు చెప్పొద్దు", "వాడివన్నీ కతలే" అని తిట్టుకునే ఊళ్లో కత అంటే సగం అబద్ధమే మరి. ఆ ప్రశ్నకు జవాబుగా మౌనం వస్తుంది, లేదా గోడ మీద నినాదం వస్తుంది. సంస్థల్లో పనిచేసేవాళ్లు చెప్పుకునే కథల మీద ఎంబీఏ ప్రాజెక్టో పీహెచ్‌డీనో మొదలుపెట్టినవాళ్ల పని చాలావరకు ఇక్కడే చెడుతుంది.

కథ అడగకూడదు, సంగతి అడగాలి. "ఎక్కే ఘాట్‌లో ఇంజన్ వేడెక్కితే ఏం చేస్తారన్నా?" అంటే డ్రైవరు "ఏముంది, పక్కన ఆపుతాం" అంటాడు. కండక్టరు "ఆ పొద్దు వానలో మాదిరి..." అని అందుకుంటాడు. ఇద్దరూ నవ్వుతారు. అంతే, అయిపోయింది. మీకు కావలసింది ఆ ముక్కే.

ఆఫీసు సామాన్లు సరఫరా చేసే ఒక సంస్థలో మాటలు రికార్డు చేసి అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ బోజే 1991లో చూపించింది ఇదే. పనిచోట కథను మొదట్నుంచీ చివరిదాకా చెప్పడం అరుదు. "నీకు తెలుసుగా" అని సగంలో వదిలేస్తే మిగతాది వినేవాడే పూరించుకుంటాడు. లబోవ్, వాలెట్‌స్కీ అనే పరిశోధకులు 1967లో ఇచ్చిన చట్రంలో మాత్రం కథకు పరిచయం, చిక్కు, బేరీజు, పరిష్కారం, ముగింపు ఉంటాయి. ముగింపంటే మన "కథ కంచికి, మనం ఇంటికి" అన్నమాట. తిరుపతికి కంచి పెద్ద దూరమేమీ కాదు గానీ డిపో కథలు అక్కడిదాకా పోవు. ఆ గళ్లు నింపాలని కూర్చుంటే దొరికిన ముక్కలన్నీ "అసంపూర్ణం" కింద చెత్తబుట్టకు పోతాయి.

ఊ కొట్టేవాడు లేకపోతే మనకు కథ నడవదు. అయినా రికార్డింగు విని ఎత్తి రాసేటప్పుడు మొదట కొట్టేసేది ఆ "ఊ"నే. ఎవరు ఊ కొట్టారు, ఎవరు కొట్టలేదు, నవ్వు ఎక్కడ వచ్చింది, ఎన్ని సెకన్లు ఆగారు అన్నీ రాయాలి. గంట రికార్డింగు ఎత్తి రాయడానికి ఐదారు గంటలు పడుతుంది. టీ అంగట్లో నలుగురు కలిసి మాట్లాడినదైతే ఇంకా ఎక్కువ. "వస్తాండా"ను "వస్తున్నాను" అని దిద్దకండి. నేరుగా ఇంగ్లీషులో రాసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఎడమ గడిలో విన్నది విన్నట్టు తెలుగు, కుడి గడిలో అనువాదం ఉంటే తర్వాత ఎవరైనా సరిచూడగలరు.

మొదటి వారం ఫోన్ బయటికి తీయొద్దు. జేబులో చిన్న పుస్తకం చాలు. విన్నది ఆ రాత్రే రాయాలి, తెల్లారితే మాటల వరస తారుమారవుతుంది. డిపో మేనేజరు అనుమతి పత్రం లోపలికి వెళ్లడానికే పనికొస్తుంది. రికార్డు చేయాలంటే ప్రతి మనిషినీ విడిగా అడగాలి. మధ్యలో ఇంకొకరు వచ్చి బెంచీ మీద కూర్చుంటే ఆపి, ఆయనకూ చెప్పి, ఒప్పుకున్నాకే మళ్లీ నొక్కాలి. మేనేజరు పక్కన ఉంటే ఆ పూటకు ఇంటికి పోవడమే మంచిది.

దొరికిన కథను "ఈ డిపో ప్రత్యేకత" అని రాసేయాలనిపిస్తుంది. పరిశోధకురాలు జోన్ మార్టిన్, ఆమె సహచరులు 1983లో పట్టుకున్నది సరిగ్గా ఆ భ్రమనే. పెద్దాయన నియమం మీరితే ఏమవుతుంది, చిన్న ఉద్యోగి పైకి రాగలడా, తప్పు చేస్తే బాసు ఏమంటాడు... ఇలాంటి ఏడు రకాల కథలే సంస్థ తర్వాత సంస్థలో వాళ్లకు కనిపించాయి. ప్రతిచోటా "మా దగ్గరే ఇలా" అనుకుంటారట! సరైన బ్యాడ్జీ లేదని కాపలా మనిషి ఛైర్మన్‌నే ఆపిన ఐబీఎం కథ వాళ్ల ఉదాహరణల్లో ఒకటి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మీకు అలాంటిదే దొరికితే, కథ కొత్తదా అని కాదు, దాన్ని ఎవరు ఎవరికి ఎప్పుడు చెబుతున్నారని చూడండి. సీజన్లో కొత్తగా చేరిన కూలీకి చెబితే అది హెచ్చరిక. అదే కథ సూపర్‌వైజర్ ముందు చెబితే ఎత్తిపొడుపు.

గ్యారేజీ సంగతి వేరు. జిరాక్స్ యంత్రాలు బాగుచేసేవాళ్ల మీద జూలియన్ ఓర్ రాసిన పుస్తకం 1996లో వచ్చింది. మాన్యువల్‌కు అందని లోపాన్ని వాళ్లు పాత కేసులు చెప్పుకుంటూ పట్టుకునేవారు. మెకానిక్కులనూ విశ్రాంతి గదిలో కాక, బానెట్ తెరిచి ఉన్నప్పుడు వినాలి. ఆ చప్పుడులో రికార్డరు పనిచేయదు కాబట్టి చేత్తో రాసుకోవాలి, ఏ భాగం మీద చేయి పెట్టి ఆ మాట అన్నాడో దాంతో సహా.

పేర్లు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. "ఫలానా సర్వీసు, ఫలానా వాన" అంటే డిపోలో అందరికీ తెలుస్తుంది. సర్వీసు, ఏడాది, బస్సు ఆగిన మలుపు కూడా మార్చి, అచ్చుకు ఇచ్చేముందు చెప్పినవాడికే చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి, అది మీ అధ్యాయంలో ఎంత మంచి ముక్కయినా సరే.