న్యూటన్ మీటర్ల పక్కనున్న రెండో అంకె చూశారా?

బెంగళూరులో మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో నలుగురు తెలుగువాళ్లు టీ కొట్టు దగ్గర చేరితే బండ్ల వాదన రాక మానదు. "బుల్లెట్‌కి టార్క్ ఉంటుంది బాసూ, డ్యూక్‌కి ఉత్త స్పీడే" అని ఒకరు. "27 కన్నా 37 తక్కువెట్లా అవుద్ది రా, బ్రోచర్ చూడు" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇద్దరూ బ్రోచర్ సగమే చదివారు, అంతే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, అంటే ఇప్పటి జే సిరీస్ ఇంజన్‌ది, 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది 4,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు. పాత 373 సీసీ కేటీఎం 390 డ్యూక్ 37 ఇచ్చేది 7,000 దగ్గర. హోండా హైనెస్ సీబీ350 అయితే 3,000కే 30 ఇచ్చేస్తుంది. యమహా ఆర్15 వీ4కి ఉన్నవే 14.2, అవీ 7,500కి గానీ రావు. మీ రోజువారీ ప్రయాణం ఎలా ఉంటుందో తేల్చేది ఆ రెండో అంకే.

టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి సుమారు 7,000తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. గోలెం నింపడానికి బిందెతో నాలుగుసార్లు తిరిగినా, చెంబుతో నలభైసార్లు తిరిగినా చేరే నీళ్లు అవే. పాత్ర సైజు టార్క్, నిమిషంలో ఎన్నిసార్లు తిరిగామన్నది ఆర్‌పీఎం, ఆ నిమిషంలో గోలెంలో చేరినది పవర్. ఈ లెక్కన క్లాసిక్ 4,000 దగ్గర 15 చిల్లర హార్స్‌పవర్ ఇస్తోంది. డ్యూక్ కూడా అదే 4,000 దగ్గర అంతే ఇవ్వాలంటే 27 న్యూటన్ మీటర్లు చాలు, అంటే దాని గరిష్ఠంలో ముప్పాతిక కూడా అక్కర్లేదు. కాబట్టి "డ్యూక్‌కి కింద (తక్కువ ఆర్‌పీఎంలో) ఏమీ లేదు" అన్నది పూర్తి నిజం కాదు. దానికి కింద లేనిది నిలకడ. వాల్వులు, వాటిని తెరిచే కామ్, గాలి లోపలికొచ్చే దారి అన్నీ పై ఆర్‌పీఎం కోసం వెడల్పుగా పెట్టినవి. 3,000 లోపు ఆ దారిలో గాలి నెమ్మదిగా కదులుతుంది, పెట్రోల్‌తో సరిగ్గా కలవదు. పైగా ఫ్లైవీల్ తేలిక. ఒక పేలుడుకీ ఇంకో పేలుడుకీ మధ్య క్రాంక్‌ని తిప్పుతూ ఉంచే బరువు తక్కువ కనుక బండి కొట్టుకుంటూ నడుస్తుంది. క్లాసిక్‌లో ఆ బరువు దండిగా ఉంది. అందుకే క్లచ్ కాస్త తొందరపడి వదిలినా ఆగిపోకుండా సాగిపోతుంది. మనవాళ్లు టార్క్ అని మెచ్చుకునేదాంట్లో చాలా వరకు ఈ ఫ్లైవీల్ బరువే.

ఆర్15లో యమహా వీవీఏ (వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే ఏర్పాటు) పెట్టింది ఈ తగువు తీర్చడానికే. 7,400 దాకా ఒక కామ్, ఆపైన ఇంకో కామ్. కింద బండి కొంచెం మర్యాదగా ఉంటుంది, కానీ 155 సీసీ 155 సీసీయే.

ఇంకో లెక్క చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. క్లాసిక్‌లో బోర్ (సిలిండర్ వెడల్పు) 72 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 85.8. డ్యూక్ 373లో బోర్ 89, స్ట్రోక్ 60. స్ట్రోక్ పొడుగైతే ప్రతి చుట్టులోనూ పిస్టన్ ఎక్కువ దూరం పరిగెత్తాలి. క్లాసిక్ తన గరిష్ఠ పవర్ ఇచ్చే 6,100 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.4 మీటర్లు. డ్యూక్ తన 9,000 దగ్గర 18 మీటర్లు. చెవికి ఒకటి నింపాదిగా, ఇంకొకటి ప్రాణం మీదికొచ్చినట్టు అరుస్తూ వినిపిస్తాయి గానీ లోపల రెండు పిస్టన్లూ దాదాపు ఒకే పరుగు పెడుతున్నాయి. అదే డ్యూక్ 6,000 దగ్గర సెకనుకు 12 మీటర్లే. "ఆరు వేలు దాటిస్తే ఇంజన్ పాడవుతుంది" అని భయపడి రెవ్ ఇంజన్‌ని, అంటే డ్యూక్‌లా పై ఆర్‌పీఎంలో బలమిచ్చేదాన్ని, నాలుగు వేల లోపే తిప్పేవాళ్లు దాన్ని కాపాడుతున్నామనుకుంటారు. జరిగేది అందుకు తిరగబడి ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు మన రోడ్ల మీదికి వద్దాం. 373 డ్యూక్‌లో ఫస్ట్ గేర్‌లో గంటకు 8 కి.మీ. అంటే ఇంజన్ 1,500 దగ్గర ఉంటుంది, ఐడిల్ కూడా ఆ చుట్టుపక్కలే. అంతకన్నా నెమ్మదిగా కదలాలంటే హాఫ్ క్లచ్ తప్ప దారి లేదు. సిల్క్ బోర్డ్ దగ్గర సాయంత్రం ఏడింటికి అంతకన్నా వేగంగా ఎవరు కదులుతారు? సెకండ్‌లో 20 అంటే 2,600. స్పీడ్ బ్రేకర్ దిగి అక్కడ యాక్సిలరేటర్ తిప్పితే చైన్ టకటకమంటుంది, ఫస్ట్‌కి రావాల్సిందే. ఇలాంటి చోట కింద బలమున్న బండి గేర్ కాలికీ ఎడమ చేతికీ పని సగం తగ్గిస్తుంది. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో ఉండేవారికి నా ఓటు దానికే, బరువు 195 కిలోలైనా సరే.

ఊరు దాటాక లెక్క మారుతుంది. గాలిని తోయడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే ఆ ఒక్క పనికే దాదాపు రెట్టింపు కావాలి. క్లాసిక్ దగ్గర మొత్తం ఉన్నదే 20 హార్స్‌పవర్. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పలచన కాబట్టి చెన్నైలో అదే బండి ఇచ్చేదానికన్నా 8-9 శాతం తక్కువ ఇస్తుంది. అందుకే 44వ నంబరు హైవే మీద బాగేపల్లి, కొడికొండ, పెనుకొండ దాటుతూ అనంతపురం వెళ్లేటప్పుడు 80-85 దగ్గర క్లాసిక్ రాజాలా ఉంటుంది, 100 దగ్గర లారీని దాటాలంటే చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. డ్యూక్‌కి అదే 100 సిక్స్త్ గేర్‌లో 5,800, ఇంకా చాలా మిగిలి ఉంది.

దాటడం అంటే గుర్తొచ్చింది. 60లో వెళ్తున్న పల్లెవెలుగు బస్సు వెనక ఉన్నారనుకోండి. డ్యూక్ సిక్స్త్‌లో ఉంటే 3,500. అక్కడ యాక్సిలరేటర్ మొత్తం తిప్పినా బండి ఆలోచించుకుంటుంది. థర్డ్‌కి దించితే 5,900కి లేస్తుంది, 90కి చేరేసరికి 8,900. దాని మొత్తం బలం ఉన్న చోటే ఆ ముప్పై కిలోమీటర్లూ గడుస్తాయి. మూడు గేర్లు దించడానికి మొహమాటపడేవారు రెవ్ బండి కొనకూడదు. క్లాసిక్‌లో ఒక గేర్ దించితే చాలు, కానీ ఎదురు లేన్‌లో ఎక్కువ సేపు ఉంటారు. ఆ ఖాళీ ముందే చూసుకోవాలి.

మైసూరు వైపు ఎక్కువగా వెళ్లేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన లేన్లలోకి బైకుల్ని రానివ్వడం లేదు. సర్వీస్ రోడ్డే గతి. అక్కడ ఊళ్లు, బ్రేకర్లు, 30కీ 70కీ మధ్య ఊగిసలాట. వంద మీద సాగిపోవడానికని తీసుకున్న పై ఆర్‌పీఎం బలం అక్కడ వృథా. తిరుపతి నుంచి తిరిగొస్తూ పలమనేరుకి ముందు మొగిలి ఘాట్‌లో వెనక మనిషి, రెండు బ్యాగులు ఉంటే మాత్రం 150-200 సీసీ రెవ్ బండిని సెకండ్, థర్డ్‌ల మధ్య 7,000 పైన ఉంచుతూ ఎక్కించాలి. ఇంజన్‌కి అందులో ఇబ్బందేమీ లేదు. వెనక కూర్చున్నవారికే ఉంటుంది.

ఇక పాడయ్యే సంగతి. రెవ్ ఇంజన్‌ని పై గేర్‌లో 2,500 దగ్గర ఈడిస్తే మొదట పోయేది వెనక చక్రం హబ్‌లోని డ్రమ్ రబ్బర్లు. స్టాండ్ మీద పెట్టి, చక్రం కదలకుండా పట్టుకుని వెనక స్ప్రాకెట్‌ని (చైన్ పట్టుకునే పళ్ల చక్రాన్ని) ముందుకీ వెనక్కీ ఊపండి. కొద్దిపాటి సాగుడు ఉండొచ్చు, టక్ టక్ మని ఖాళీగా ఆడితే రబ్బర్లు అయిపోయినట్టే. తర్వాత చైన్ అక్కడక్కడా సాగుతుంది. ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వదులుగా ఉంటే మార్చక తప్పదు. కంప్రెషన్ నిష్పత్తి 12 దాటిన ఇంజన్లలో ఈడ్చేటప్పుడు గోళీలు కదిలించినట్టు నాకింగ్ వినిపిస్తే వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి గేర్ దించాలి, అది పిస్టన్‌కి నేరుగా తగిలే దెబ్బ. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీదే బతికితే క్లచ్ ప్లేట్లు కాలుతాయి. థర్డ్‌లో గట్టిగా తిప్పినప్పుడు ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే అదే గుర్తు. కారు ఆయిల్ పోసినా ఇదే జరుగుతుంది, డబ్బా మీద జాసో ఎంఏ2 (బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూడండి.

టార్క్ బండికి జబ్బు వేరు. దాన్ని గంటల తరబడి పూర్తి యాక్సిలరేటర్ మీద ఉంచితే వైబ్రేషన్‌కి నంబర్ ప్లేటు, అద్దాలు, సైలెన్సర్ బోల్టులు వదులవుతాయి, ఆయిల్ తగ్గుతుంది. అలా తోలినవారు నెలకోసారి ఆయిల్ మట్టం చూసుకోవాలి. టార్క్ ఉంది కదా అని టాప్ గేర్‌లో 30కి దించి లాగించడం దానికీ మంచిది కాదు, కింద బలానికీ ఒక హద్దుంది.

షోరూం వాళ్లు రెండు కిలోమీటర్ల నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి పంపేస్తారు. ఒప్పుకోవద్దు. ఇంట్లో ఎవరు వెనక కూర్చుంటారో వాళ్లని తీసుకెళ్లండి. ఇంజన్ వేడెక్కేదాకా కనీసం ఇరవై నిమిషాలు తోలండి. థర్డ్ గేర్‌లో 30 దగ్గర క్లచ్ ముట్టకుండా నెమ్మదిగా తిప్పి చూడండి, కొట్టుకుంటే మీ వీధుల్లోనూ కొట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ మధ్యలో ఆపి, వెనక మనిషితో మళ్లీ కదిలించండి. ఇంజన్‌ని ఎంత రేజ్ చేయాల్సి వస్తోందో అక్కడే తెలిసిపోతుంది. ఫ్లైఓవర్ మీద 80 దగ్గర అద్దం అదరకుండా అందులో వెనక బండి నంబరు చదవగలుగుతున్నారా? ఇది ఒక్కటి చూసినా చాలు, సగం నిర్ణయం అయిపోతుంది.

నన్నడిగితే బెంగళూరులో ఉద్యోగం, నెలకోసారి సొంతూరు అనే మన బతుక్కి రెండు కొసలూ అక్కర్లేదు. 5,500-6,500 మధ్య గరిష్ఠ టార్క్ ఇచ్చేవి సరిపోతాయి. ట్రయంఫ్ స్పీడ్ 400 (6,500 దగ్గర 37.5), హిమాలయన్ 450 (5,500 దగ్గర 40) ఆ కోవవి. ఇంటర్‌సెప్టర్ 650 హైవే మీద ఇంకా హాయి, కానీ 200 కిలోలు దాటిన ఆ బండిని సిల్క్ బోర్డ్‌లో కాళ్లతో తోసుకుంటూ ఒక సాయంత్రం గడిపాక మాట్లాడండి.

ఉన్న రెవ్ బండి కింద బలహీనంగా ఉందనిపిస్తే కొత్తది కొనేలోపు బండి ముందరి స్ప్రాకెట్ వైపు చూడండి. 15 పళ్ల చోట 14 వేస్తే ప్రతి గేర్‌లోనూ చక్రానికి 7 శాతం ఎక్కువ టార్క్ అందుతుంది. వెనక 45 పళ్లదాన్ని 48 చేసినా ఫలితం దాదాపు అదే, ఖర్చే ఎక్కువ. మూల్యం హైవే మీద చెల్లిస్తారు, 100 దగ్గర 5,800 కాస్తా 6,200 అవుతుంది. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ జోలికి మాత్రం వెళ్లకండి, చాలాసార్లు అది కింద ఉన్న కాస్త బలాన్నీ తినేసి పోలీసు చలానా అదనంగా ఇస్తుంది. స్పీడోమీటర్ వేగాన్ని గేర్‌బాక్స్ నుంచి తీసుకునే బండి అయితే స్ప్రాకెట్ మార్చాక ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, చక్రం దగ్గరి సెన్సర్ నుంచి తీసుకుంటే తేడా రాదు. ముందరిది 14కి మార్చిన వెంటనే చైన్ కాస్త వదులవుతుంది. యాక్సిల్ వెనక్కి జరిపి హ్యాండ్‌బుక్‌లో ఉన్న స్లాక్‌కి (చైన్ ఎంత వదులుండాలో ఆ కొలతకి) తేవాలి. సాగిపోయిన పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేయించుకోకండి, దాని పళ్లు తొందరగా కొక్కేల్లా వంగిపోతాయి.