సగం నాణెం

ఆదివారం. పొద్దున పెరుగు, కొత్తిమీర తేవడానికి వీధి చివరి కొట్టుకెళ్లాను. 48 రూపాయలైంది. 50 ఇస్తే, చిల్లర లేదని రెండు చాక్లెట్లు చేతిలో పెట్టారు. అవింకా టేబుల్ మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం నుంచి నెమౌసస్ నాణేల ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్‌లోని నీమ్ నగరమే ఆనాటి నెమౌసస్, రోమన్ల వలస పట్టణం. నాణేనికి ఒకవైపు అగస్టస్ చక్రవర్తి, ఆయన సేనాని అగ్రిప్ప. రెండు తలలూ చెరో దిక్కుకి చూస్తుంటాయి. రెండోవైపు ఖర్జూరపు చెట్టుకి గొలుసుతో కట్టేసిన మొసలి, దాని పైన ఊరి పేరు రెండు పొట్టి ముక్కల్లో: 'కొల్' (కొలోనియా, అంటే వలస పట్టణం), 'నెమ్' (నెమౌసస్).

ఆ మొసలి ఈజిప్టుకి గుర్తు. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర సముద్రయుద్ధం గెలిచి, మరుసటి ఏడాది అగస్టస్ ఆ దేశాన్ని కలిపేసుకున్నాడు. నీమ్ చుట్టుపక్కల ఏ ఏట్లోనూ మొసళ్లు లేవు. ఎక్కడో నైలు నదిలో ఉండే జంతువు, ఎవరో గెలిచిన యుద్ధం, అవే వీళ్ల కొంగుముడిలోకి చేరాయి. అసలు ఆ ఊరి పేరే అక్కడి నీటి ఊటలో కొలువున్న దేవుడిది. ఈ నాణెం మీద ఆయనకి చోటు లేదు. అది చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది మాత్రం సగానికి నరికిన నాణేలు. ఇవి చాలానే దొరికాయి, దూరాన రైన్ నది ఒడ్డున సైనికుల శిబిరాల్లో కూడా. చిన్న చిల్లర చాలక, ఒక నాణేన్ని రెండు చేసి సగం విలువకి వాడుకున్నారు. రెండు తలల మధ్యగా సరిగ్గా వేటు పడితే చెరో ముక్కలో ఒక ముఖం మిగులుతుంది. చక్రవర్తి బొమ్మ కదా అని ఆగలేదు. సంతలో రొట్టెకి డబ్బివ్వాలి, మార్చడానికి చిల్లర లేదు, అంతే. రోమ్ ఏం చెప్పాలనుకుందో ఆ బొమ్మల్లో ఉంది. ఆ ఊళ్లవాళ్లు ఎలా బతికారో ఆ వేటులో ఉందనిపిస్తుంది నాకు.

అగ్రిప్ప క్రీ.పూ. 12లో చనిపోయాడు. ఆ తర్వాత కూడా ఆయన తలతోనే నాణేలు ముద్రిస్తూ వచ్చారు. నీమ్ నగర చిహ్నంలో ఇప్పటికీ ఆ మొసలి, ఆ చెట్టు ఉన్నాయి.

పడుకునే ముందు మళ్లీ ఒక ఫొటో తెరిచాను. అగ్రిప్ప ఉన్న సగం. తిప్పితే మొసలి తోక ఒక్కటే ఉంది.