హైదరాబాద్ నుంచి డల్లాస్: గంటలు ఎక్కడ పోతున్నాయి?

శంషాబాద్ నుంచి డల్లాస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టుకు అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మ్యాపు చూస్తే ఆ దారి యూరప్ మీదుగా అట్లాంటిక్ దాటుతుందనిపిస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. ఉత్తర ధ్రువానికి 525 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది! రెండు ఊళ్ల రేఖాంశాల తేడా 175 డిగ్రీలు, అంటే దాదాపు భూమికి ఆ వైపూ ఈ వైపూ.

నేరుగా విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట మారాలి. దుబాయ్‌లో మారితే 2,550, ఆపైన 12,920, మొత్తం 15,470 కిలోమీటర్లు. పెరిగింది వెయ్యి చిల్లరే, గాల్లో గంటంపావు. టికెట్టు మీద 23 గంటలు, 28 గంటలు అని కనబడితే ఆ తేడా అంతా దాదాపు నేల మీద కూర్చునేదే.

గాల్లో పట్టే సమయం అంచనాకు దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. దుబాయ్–డల్లాస్‌కు పదహారు గంటలకు దగ్గరగా వస్తుంది. తిరుగు ప్రయాణం గంటకు పైగా తగ్గుతుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అప్పుడు వెనక నుంచి తోస్తుంది. ఏ దేశమైనా తన గగనతలం మూసేస్తే మాత్రం చుట్టు తిరగాలి, ఈ లెక్క తప్పుతుంది.

కనెక్షన్‌కు గంటన్నర చాలా బిగుతు. అమెరికా విమానాలకు గేటు దగ్గర అదనపు తనిఖీ ఉండొచ్చు. రెండున్నర, మూడు గంటలుంటే నిశ్చింత. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోది తప్పిపోతే ఆ భారం మీ నెత్తిన పడుతుంది. చికాగోలోనో న్యూయార్క్‌లోనో మారితే ఇమిగ్రేషన్ అక్కడే. బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇచ్చుకోవాలి. పెద్దవాళ్లు ఒంటరిగా వస్తుంటే ఆ దారి వద్దు, దుబాయ్ లేదా దోహా నుంచి నేరుగా డల్లాస్‌లో దిగేదే చూడండి.

ఇక గడియారం. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, మిగతా కాలం పదకొండున్నర. జులైలో శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి 23 గంటలు ప్రయాణిస్తే, దిగేది అదే శుక్రవారం సాయంత్రం 4:30కి. తిరిగి వచ్చేటప్పుడే పొరపాట్లు జరుగుతాయి. శుక్రవారం రాత్రి 8కి డల్లాస్‌లో ఎక్కి 22 గంటలు ప్రయాణిస్తే, శంషాబాద్ చేరేది ఆదివారం తెల్లవారుజామున 4:30కి. క్యాబ్ శనివారానికి కాదు, ఆదివారానికి చెప్పాలి.